మోచేతి కొలత

వానిటీ అంటే డాంబికమని ఇంటర్లో మా ఇంగ్లీషు మాస్టారు చెప్పారు. వానిటీ బ్యాగంటే పెళ్ళిళ్ళకెళ్ళేప్పుడు మా పిన్ని చంకలో పెట్టుకునేదని అంతకుముందే తెలుసు. దానికి మూడో అర్థం ఒకటుందని ఈ దేశంలో ఇల్లు కొన్నాక గానీ తెలియలేదు. బాత్రూములో వాష్‌బేసిను, దాన్ని మోసే అలమర, పైన పరిచే రాయి, ఈ మూడూ కలిస్తే ఇక్కడ వానిటీ. దాన్ని వెతుక్కుంటూ ఈ మధ్య నాలుగు శనివారాలు ధారపోశాను.

మాది డాలస్ శివార్లలో 1986లో కట్టిన ఇల్లు. హాల్లోంచి వెళ్ళే బాత్రూము ఈ దేశంలో లక్షల ఇళ్ళలో ఉండేలాంటిదే, అయిదడుగులు బై ఎనిమిదడుగులు. మాకు ఇల్లమ్మినాయన, అమ్మే ముందు దాంట్లో పాత వానిటీ పీకేసి కొత్తది పెట్టించాడు. అలమర మీద రాయి, ఆ రాయి మీద పాయసం గిన్నెలాగా తెల్లటి బేసిను. ఇల్లు చూడ్డానికెళ్ళిన రోజు మా ఆవిడా నేనూ దాన్ని చూసి మురిసిపోయిన మాట నిజం. ఏడాది తిరిగేసరికి అలమర అడుగు తడికి ఉబ్బి, తలుపు మూత పడ్డం మానేసింది. లోపల చూస్తే అంతా రంపపు పొట్టుని జిగురుతో అదిమిన పార్టికల్ బోర్డు. పైన అతికించింది మాత్రం చెక్క రంగు కాగితం.

తలుపు మూత పడకపోతే నాలుగేళ్ళు అలాగే లాగించాం, అది వేరే విషయం. దాన్ని మార్చాల్సిందేనని తేల్చింది మాత్రం మా అమ్మ.

అమ్మ పోయిన వేసవిలో వచ్చింది, ఆర్నెల్లకి. వచ్చిన వారానికి గమనించాను, మొహం కడుక్కుని వచ్చినప్పుడల్లా రెండు చేతులూ మోచేతుల దాకా తడే, జాకెట్టు చేతులు కూడా. "ఏందమ్మా, స్నానం చేసొచ్చావా?" అంటే, "మీ కుళాయి నాతో ఆటలాడతందిరా అబ్బయ్యా" అని నవ్వేసింది. అంతకుమించి చెప్పలేదు. మన అమ్మలు ఇంకొకరింట్లో ఉన్నప్పుడు ఏదీ చెప్పరు. కొడుకిల్లయినా సరే.

ఒక రాత్రి పదకొండింటికి ఢామ్మని చప్పుడయింది. పరిగెత్తుకెళ్ళి చూస్తే అమ్మ టబ్బు అంచు మీద కూర్చునుంది, చేతిలో టవలు కడ్డీ, దాంతోపాటు ఊడొచ్చిన గోడ పెచ్చు. కాళ్ళ దగ్గర మా పాప పళ్ళు తోముకునేప్పుడు ఎక్కే ప్లాస్టిక్ పీట తిరగబడి ఉంది. పళ్ళసెట్టు కడుక్కోడానికి రోజూ ఆ పీట ఎక్కుతోందట. మా అమ్మకి డెబ్భై దాటాయి, ఒక మోకాలి చిప్ప మార్పించుకుంది. "ఏం కాలేదులే, గోడ మీదే కాస్త ఖర్చు పడింది" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు టేపు తీసుకుని కొలతలకి దిగాను. గిన్నె అంచు నేల నుంచి 38 అంగుళాలు. మా అమ్మ నాలుగడుగుల తొమ్మిదంగుళాల మనిషి, నిలబడితే మోచెయ్యి 36 అంగుళాల దగ్గరుంది. అంటే ఆవిడ చేతులు కడుక్కోవాలంటే మోచేతికన్నా పైకెత్తాలి. ఎత్తిన చేతి మీద పోసిన నీళ్ళు ఎటు పోతాయి? మోచేతికే వస్తాయి. ఎమ్మెస్ అక్కర్లేదు దీనికి.

ఇక షాపులకి బయల్దేరాను. మనకి కోడంటే ఒకటే తెలుసు కదా, ఇక్కడ ఇళ్ళకీ ఒక కోడుంది. కమోడు నడిమధ్య నుంచి అటూ ఇటూ 15 అంగుళాలు వదలాలి, బేసిను ముందు 21 అంగుళాలు ఖాళీ ఉండాలి. 96 అంగుళాల గదిలో టబ్బుకి 30, కమోడుకి 30 పోతే మిగిలేది 36. అందులో పైరాయి అంచులతో సహా ఇమడాలంటే 30 అంగుళాల వానిటీయే నయం. వెడల్పు అలా తేలిపోయింది. తేలనిది ఎత్తు.

ఒకప్పుడు ఇక్కడ వానిటీలు 30, 32 అంగుళాలే ఉండేవట. ఇప్పుడు షాపులో ఏది చూసినా 34 నుంచి 36. దానికి 'కంఫర్ట్ హైట్' అని పేరు. ఎవరి కంఫర్టో రాయలేదు. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళ కోసం ఈ దేశపు ప్రమాణాల్లో బేసిను అంచు 34 అంగుళాలకి మించకూడదని ఉంది, కానీ అది ఆఫీసులకీ హోటళ్ళకీ. సొంతింట్లో ఎవరిష్టం వాళ్ళది.

32 కావాలని అడిగితే సేల్స్‌మన్ నన్ను ఎగాదిగా చూశాడు (నేను అయిదడుగుల తొమ్మిదంగుళాలు లెండి). "ఈ ఇంట్లో ఎన్నేళ్ళుంటారు?" అన్నాడు. తెలీదన్నాను. "అయితే రీసేల్ చూసుకోండి. 36 ఎత్తు, పైన తెల్ల క్వార్ట్జ్. కొనేవాళ్ళు అదే అడుగుతారు" అన్నాడు.

అతనేదో మాటవరసకి అడిగాడు. కానీ ఎన్నేళ్ళుంటారన్న ప్రశ్న మాలాంటివాళ్ళకి ఎక్కడ తగలాలో అక్కడే తగుల్తుంది. నా గ్రీన్ కార్డు కాగితాలు 2017లో పెట్టారు. 1990 నాటి చట్టం ప్రకారం ఏటా ఒక్కో దేశానికి మామూలుగా 7 శాతానికి మించి ఇవ్వరు, మనవాళ్ళ వరుస చూస్తే తిరుపతి క్యూ నయం. ఈలోగా ఉద్యోగం పోతే హెచ్1బీ మీదున్నవాళ్ళకి 60 రోజుల గడువు, అదీ 2017లో వచ్చిన వెసులుబాటే. ఆ అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే పెట్టె సర్దుకోవాలి. అందుకే మేం ఇంట్లో ఏం చేసినా, గోడకి రంగేసినా సరే, రీసేల్ అనే ఒక మనిషిని మధ్యలో కూర్చోబెట్టుకుని మాట్లాడుకుంటాం. ఆ మనిషి ఎవరో తెలీదు, ఎప్పుడొస్తాడో తెలీదు. ఆయనకి ముదురు రంగులు నచ్చవని మాత్రం ఖాయంగా తెలుసు.

ఆ రోజు ఇంటికొచ్చి ఆ గిన్నె బేసిను ముందు నిలబడ్డాను. అప్పుడు తట్టింది. ఇంతకుముందు ఇక్కడున్నాయన రీసేల్ కోసం పెట్టించిన సామానిది. ఆయన ఊహించుకున్న ఆ రాబోయే మనిషి ఎవరో కాదు, నేనే! నా కోసమని ఆయన డబ్బు పెట్టి కొన్నది నేను డబ్బు పెట్టి పీకిస్తున్నాను. ఇప్పుడు నేను ఇంకెవరి కోసమో 36 అంగుళాలది పెట్టిస్తే, ఆయనొచ్చి దాన్నీ పీకిస్తాడేమో. మధ్యలో మా అమ్మ మాత్రం పీటెక్కుతూ ఉంటుంది.

అమ్మ ఒప్పుకోలేదు. "నేను ఆర్నెల్లుండి పోయేదాన్నిరా. నీ నడుముకి సరిపడా ఎత్తే పెట్టించుకో" అంది. ఈ వాదన తెగేది కాదనుకుంటుండగా మా ఆవిడ టేపు పట్టుకుని ఎనిమిదేళ్ళ పాపని నిలబెట్టి కొలిచింది. పాప మోచెయ్యి 31. "అత్తయ్యా, మీకే కాదు, దీనిక్కూడా 32 అయితే పీట అక్కర్లేదు. నాకెలాగూ ఇబ్బంది లేదు. ఈ ఇంట్లో వంగాల్సింది మీ అబ్బాయొక్కడే" అంది. ముగ్గురాడవాళ్ళూ నా వంక చూశారు. నేను వంగడానికి ఒప్పుకున్నాను.

తర్వాతంతా చకచకా జరిగింది. నేల మీద నిలబెట్టేది కాకుండా గోడకి వేలాడదీసే వానిటీ తీసుకున్నాం. అలమర ప్లైవుడ్డుది, బేసిను రాయి కిందికి అమరేది. వేలాడేదయితే ఎత్తు మనిష్టం. ఎలాగూ గోడ విప్పారు గనక, బరువు ఆపడానికి లోపల కర్రల మధ్య అడ్డదుంగలు బిగించమన్నాం, అదీ రెండు వరసలు. రేపు ఎవరికైనా 36 కావాలంటే మరలు విప్పి పైకి జరుపుకోవచ్చు. విలువని హార్డ్‌కోడ్ చెయ్యకుండా పారామీటర్‌గా పెట్టానన్నమాట. రీసేల్ గారికి మావైపు నుంచి అంతవరకే మర్యాద.

రాయి కోసం గ్రానైటు యార్డుకి అమ్మని కూడా తీసుకెళ్ళాం. చిన్న ముక్క చాలు గనక, పెద్ద పలకల్లో మిగిలిన తునకలు పెట్టే మూలకి పంపించారు. అక్కడ గోడకానించి నల్లటి రాయి ఒకటి, ఒళ్ళంతా బంగారు చుక్కలు. 'బ్లాక్ గెలాక్సీ' అని చీటీ. నేను ధర చూసేలోపు అమ్మ దాని మీద చెయ్యేసి, "ఇది మన చీమకుర్తి రాయి గదరా!" అంది.

ఒంగోలుకి 20 కిలోమీటర్ల దూరంలో చీమకుర్తి. ఈ రాయి అక్కడిదే. వ్యాపారంలో గ్రానైటంటారు గానీ, భూగర్భశాస్త్రం ప్రకారం గాబ్రో జాతి. ఆ చుక్కలు బంగారం కాదు, బ్రాంజైటు అనే ఖనిజం. అమ్మ అక్కడ బళ్ళో పదకొండేళ్ళు పాఠాలు చెప్పింది, రోజూ ఒంగోలు నుంచి బస్సులో. యార్డు కుర్రాడు గెలాక్సీ, నక్షత్రాలు అని వర్ణిస్తుంటే నేను తర్జుమా చేశాను. అమ్మ అంతా విని, "నిజమే గానీ, ఆ లారీలెళ్తే మా పిల్లల నోట్సుల మీద వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము. ఆ సంగతీ చెప్పు ఆ అబ్బాయికి" అంది. చెప్పాను. పాపం, ఏమనాలో తెలీక అయిదు శాతం తగ్గించాడు.

నల్ల రాయి రీసేల్‌కి పనికిరాదని మీకు చెప్పక్కర్లేదు. అదే తెచ్చుకున్నాం.

వానిటీ బిగించాక అమ్మ ఇంకా అయిదు వారాలుంది. జాకెట్టు చేతులు పొడిగా ఉండేవి. పీట గరాజులోకి పోయింది. వేలాడేది గనక కింద గుడ్డ పెట్టి తుడవొచ్చని అమ్మ రెండు పూటలా తుడిచేది, వద్దంటే వినేది కాదు. ఇప్పుడు ఒంగోల్లో ఉంది. ఫోను చేసినప్పుడల్లా, "నడుం నొప్పిగా ఉందా అబ్బయ్యా, పైకి జరిపించుకోరాదా?" అంటుంది. లేదంటాను. పొద్దున్నే పళ్ళు తోముకునేప్పుడు కొంచెం ఉన్న మాట నిజమే.

మీరెవరైనా వానిటీ కొనబోతుంటే ఒక్క మాట. రంగూ రాయీ తర్వాత చూసుకోవచ్చు. ముందు టేపు తీసుకుని ఇంట్లో అందరికన్నా పొట్టిమనిషిని పిలిచి మోచెయ్యి కొలవండి. ఆ మనిషి ఏడాదికి ఆర్నెల్లే ఉండేదయినా సరే.