అబ్బా పని మేజ్

మా ఖాందాన్‌లో కలం పట్టింది నేనొక్కణ్నే. అబ్బా మోటార్ వైండింగ్ మిస్త్రీ. జనగామ వైపు చిన్న ఊళ్లో, బస్టాండు వెనక ఆయన దుకాన్. ఉర్దూ మీడియం బడి నుంచి వచ్చి, సాయంత్రం పూట ఆ దుకాన్ మేజ్ మీద రైతుల పేర్లు రసీదుల్లో రాసేవాణ్ని. నా తెలుగు అక్కడే మొదలైంది.

అబ్బాకు మోకాళ్లు సహకరించక తమ్ముడు ఛోటే దుకాన్ చూసుకుంటున్నాడు. రెండేళ్ల కింద ఫోన్ చేశాడు. "భాయిజాన్, మేజ్ పైచెక్క పూర్తిగా పోయింది. ఏం వేయించమంటవ్?"

దుకాన్‌కు నేను చేసిన ఖిద్మత్ ఏమీ లేదు. ఆ గిల్ట్ కొంత, పేపరోణ్ని కాబట్టి అన్నీ తెలుసన్న గురూర్ కొంత. ఖర్చు నాదే అన్నాను. మొదట గ్రానైట్ అనుకున్నాను. బేరింగులు కొట్టే చోట రాయి ఆగదని, సుత్తి పడితే చీలుతుందని ఛోటేనే అన్నాడు. సన్‌మైకా వేస్తే సోల్డరింగ్ ఐరన్ తగిలినచోటల్లా కాలుతుందట. "అయితే ఇనుప రేకు వేయించు. జిందగీ భర్ ఉంటది" అన్నాను. యాంగిల్ ఫ్రేమ్ మీద 3 మిల్లీమీటర్ల రేకు వెల్డింగ్ చేయించాడు. ఫొటో పంపితే నా దిల్ ఖుష్ అయింది.

వానాకాలం వచ్చేసరికి రేకు మీద తుప్పు మొదలైంది. బోర్లలోంచి తీసిన మోటార్లు తడితోనే వస్తాయి కదా. తుప్పు చిన్న సంగతి. అసలు ముసీబత్ తర్వాత వచ్చింది. ఒక రైతు మోటార్ కొత్తగా చుట్టించుకుని పోయి, నెల తిరక్కముందే మళ్లీ తెచ్చాడు.

"భాయ్, మళ్ల కాలిపాయె. పొలం పొట్టకొచ్చింది. నీ మీద భరోసాతోనే తెచ్చిన" అన్నాడట. తిట్టి ఉంటే బాగుండేదని ఛోటే నాతో అన్నాడు.

ఆ రోజు ఇత్తెఫాక్‌గా నేను ఊళ్లోనే ఉన్నాను. అబ్బా ఆటోలో దుకాన్‌కొచ్చారు. మోటార్ విప్పించి కాలిన స్లాట్ చూశారు. తర్వాత మేజ్ అంచు వెంట అరచెయ్యి మెల్లగా జరుపుకుంటూ పోయి, ఒక చోట ఆగారు. "ఇక్కడ" అన్నారు. నేను వేలు పెట్టి చూశాను. రేకు కోసినప్పుడు మిగిలిన సన్నని గరుకు. గోరు తట్టుకుంది.

సబ్‌మెర్సిబుల్ మోటార్లో తీగ నీళ్లలోనే ఉంటుంది. దాని మీది ప్లాస్టిక్ పొరే దానికి రక్షణ. వైండింగ్ చేసేటప్పుడు పొడవాటి తీగను స్లాట్లలోంచి అటూ ఇటూ లాగుతారు. లాగిన ప్రతిసారీ అది మేజ్ అంచుకు రాసుకుంటుంది. పొర పూర్తిగా తెగలేదు కాబట్టి మెగ్గర్ పరీక్షలో బయటపడలేదు. బోరులో వేడెక్కాక తెగింది.

ఆకురాయితో రుద్దేస్తే సరిపోదా అన్నాను. అబ్బా నవ్వలేదు. "మేజ్ కు నక్కో దేఖ్ బేటా, తార్ కు దేఖ్" అన్నారు. నేను మేజ్ ఎన్నాళ్లుంటుందో చూశాను. ఆయన తీగకు ఏమవుతుందో చూస్తున్నారు. ఇంకో మాట కూడా అన్నారు: "తడి మోటార్, ఇనుప రేకు, కరెంటు. మూడూ ఒకచోట పెడితే ముందు పోయేది నీ తమ్ముడు." నాకు నోట మాట రాలేదు. నా సలహా అంత దూరం పోతుందని ఖయాల్ కూడా లేదు.

రైతు మోటార్‌ను ఛోటే రాత్రంతా కూర్చుని ముఫ్త్‌గా చుట్టిచ్చాడు. తీగ డబ్బులు నేనిచ్చాను. తర్వాత మేజ్ మార్చాం. తడి మోటార్లు విప్పడానికి, సుత్తి దెబ్బలకు ఒక మూల మాత్రం రేకు ఉంచాం. అక్కడికి కరెంటు వైరు రాదు. మిగతాదంతా బాగా ఎండిన నల్లతుమ్మ చెక్క, రెండంగుళాల మందం. బండి చక్రాలకు వాడిన కర్ర, దెబ్బకు లొంగదు. అంచులు చిత్రికతో గుండ్రంగా తీయించాం. దాని మీద హార్డ్‌బోర్డు పరిచి స్క్రూలు బిగించాం. స్క్రూ తలలు లోపలికి దించి పైన మైనం పూశాం. టెస్టింగ్ చోట రబ్బరు మ్యాట్. హార్డ్‌బోర్డు పాడైతే తీసి కొత్తది వేసుకోవడమే. కింది తుమ్మ చెక్క అలాగే ఉంటుంది.

మొన్న రంజాన్‌కు ముందు పోయినప్పుడు ఛోటే ఆ హార్డ్‌బోర్డు మారుస్తున్నాడు. పాతదాని నిండా కాలిన మచ్చలు, వార్నిష్ మరకలు, గీతలు. అబ్బా కుర్చీలో కూర్చుని కొత్తదాని అంచు తడిమి తలూపారు.

"ఆ పొట్టకొచ్చిన పొలం ఆయన మోటార్ మళ్లీ వచ్చిందా?" అని అడిగాను.

"వచ్చింది భాయిజాన్, బేరింగ్ కోసం. వైండింగ్ అదే ఉంది" అన్నాడు ఛోటే, స్క్రూ బిగిస్తూ.