కుడితి పోసిన బ్యాటరీ పెట్టె

పెయ్యని మూడో రోజున తీసుకొచ్చారు. నుదుటి మీద, డొక్కల మీద వాతలు, ఇంకా పచ్చిగానే ఉన్నాయి. "గాలి సోకిందనుకున్నాం బాబూ, వాతలెట్టించినాం" అంది ముసలమ్మ. పెయ్య గోడకి తల ఆనించి పళ్ళు కొరుకుతోంది, చెవులు అదురుతున్నాయి. కంటి ముందు చెయ్యి ఆడించాను. రెప్ప వెయ్యలేదు.

నౌపడ ఉప్పు మడుల చుట్టుపక్కల ఊళ్ళలో ఇన్నేళ్ళుగా పశువులకి వైద్యం చేస్తున్నాను. వాతతో తగ్గిన జబ్బు ఒక్కటీ చూడలేదు. వాత పనిచేస్తుందేమోనని వీళ్ళు ఎదురుచూసే ఆ రెండు రోజులే నా మందు పనిచెయ్యాల్సిన రోజులు. ఎన్నిసార్లు చెప్పాను!

"కుడితి దేంట్లో పోస్తున్నావమ్మా?" అనడిగాను.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి రోజుల తరబడి కరెంటు పోయాక ఇన్వర్టరు కొన్నారట. బ్యాటరీ పాడయ్యాక పగలగొట్టి పలకలు దొడ్లో పారేశారు, పెట్టెని కుడితి తొట్టి చేశారు. దూడలు ఆ పలకల్ని ఇష్టంగా నాకుతాయి. మింగిన సీసం ముక్క కడుపులో దిగబడి కొద్దికొద్దిగా కరుగుతుంది. రక్తంలో చేరిన సీసంలో నూటికి తొంభై పాళ్ళకు పైగా ఎర్రకణాల్లోనే ఉంటుంది. మూలుగలో కొత్త కణానికి హీమ్ తయారు చేసే ఎంజైముకి జింకు కావాలి. దాన్ని తోసేసి సీసం కూర్చుంటుంది. అద్దం మీద రక్తపు చుక్కకి రంగేసి చూస్తే కొన్ని కణాల్లో నీలి చుక్కలు కనబడ్డాయి. ఆవు ఎర్రకణం 130 నుంచి 160 రోజులు బతుకుతుంది కాబట్టి రక్తం పాలిపోవడం రైతుకి చప్పున తెలియదు. విషం మెదడుకెక్కి చూపు పోయాకే తెలుస్తుంది.

కాల్షియం ఈడీటీఏ, థయమిన్ సూదులేశాను. మెగ్నీషియం సల్ఫేట్ తాగించాను.

"తల్లావు కూడా ఆ తొట్లోనే తాగుతోందా?"

తాగుతోంది. దాని పాలు మనవడికి.

2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఫిట్స్ వచ్చి పడిపోయినప్పుడు, బాధితుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. ఆ వారమంతా పాలు తాగొచ్చా అని నాకు ఫోన్లే ఫోన్లు. నెల తిరక్కుండా అందరూ మరిచిపోయారు.

"రోజూ ఓ గ్లాసిచ్చినాను బాబూ" అని ముసలమ్మ నేలమీద కూలబడింది. కసరబోయిన నోరు మూతబడింది. పాలు ఆపించి, పిల్లాణ్ణి టెక్కలి తీసుకెళ్ళి రక్తంలో సీసం ఎంతుందో చూడమని అడగమన్నాను. పలకలన్నీ నేనే దగ్గరుండి ఏరించాను.

అయిదో రోజు వెళ్ళేసరికి పెయ్య గోడ దగ్గర లేదు. పచ్చగడ్డి పట్టుకుని ముందుకెళితే నా వైపు తల తిప్పింది. చూసో, వాసన పట్టో.