ఆ సీట్లో ఎవరి తల్లి కూర్చుంటుందో!

నిరుడు మే నెలలో ఒక మధ్యాహ్నం అమ్మీని నల్గొండ నుండి మహబూబ్‌నగర్‌లోని మా ఆపా ఇంటికి తీసుకువెళుతున్నాను. మన ఈ రెండు జిల్లాల ఎండ సంగతి పాఠకులకు వేరే చెప్పనవసరం లేదు. రాతిగుట్టలూ, ఎర్రని చెల్క నేలలూ సెగలు కక్కే ఆ రోజుల్లో 44 డిగ్రీలు దాటడం మామూలే. కొండమల్లేపల్లి దాటగానే కారు ఏసీ నుండి వేడిగాలి రావడం మొదలైంది. అద్దాలు దించితే వడగాలి, ఎత్తితే ఉక్క. డెబ్బై రెండేళ్ల అమ్మీ ఒక్క మాటా అనలేదు. దుపట్టా కొంగు తడిపి నెత్తిన కప్పుకుని కూర్చుంది. కల్వకుర్తి వద్ద వేపచెట్టు నీడన ఆపి చూద్దును కదా, పెదవులు ఎండిపోయి, చేతులు వణుకుతున్నాయి. ఓఆర్‌ఎస్ కలిపిన నీళ్లు తాగించి, ఎండ వాలేదాకా అక్కడే ఆగాం.

నిజానికి ఆ ఏసీ చెడిపోవడం అది మొదటిసారి కాదు. అంతకు ముందు ఏడాదిలో రెండుసార్లు ఒక దుకాణంలో గ్యాస్ నింపించాను. నింపినప్పుడల్లా రెండు నెలలు చల్లగా ఉండేది, ఆ తర్వాత మళ్లీ మొదటికి వచ్చేది. గ్యాస్ కూడా పెట్రోలులాగే ఖర్చయిపోతుందని అనుకున్నాను.

ఈ మాట విని, ఆపా ఇంటి దగ్గర ఏసీ పని చేసే పెద్దాయన నవ్వారు. "బేటా, ఇది మూసి ఉన్న దారి. గ్యాస్ అందులోనే తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. చిల్లు మూయకుండా కుండ నింపితే ఏం లాభం?" అన్నారు. ఏసీ చల్లదనాన్ని పుట్టించదనీ, కారులోని వేడిని మోసుకువెళ్లి బయట పారబోస్తుందనీ వివరించారు. కంప్రెసర్ గ్యాస్‌ను ఒత్తుతుంది. రేడియేటర్ ముందుండే కండెన్సర్‌లో ఆ వేడి బయటి గాలికి పోయి గ్యాస్ ద్రవమవుతుంది. సన్నని వాల్వు గుండా లోపలి కాయిల్‌లోకి చేరి ఆవిరవుతూ, మనం కూర్చున్న చోటి వేడిని పీల్చుకుంటుంది. గ్యాస్ మరీ తగ్గితే కంప్రెసర్ దెబ్బతినకుండా ఒక స్విచ్ దాన్ని ఆపేస్తుంది. అప్పుడు మిగిలేది వేడిగాలే.

"కారు నడుస్తుంటే చల్లగా, ఆగితే వేడిగా వస్తోందా, ఎప్పుడూ వేడిగానే ఉందా?" అన్నది ఆయన మొదటి ప్రశ్న. ఆగినప్పుడు మాత్రమే వేడి వస్తే, ముందున్న ఫ్యాను తిరగకపోవడమో, కండెన్సర్ రెక్కల్లో దుమ్ము, పత్తి పీచు చిక్కుకోవడమో కారణం కావచ్చు. మాది ఎప్పుడూ వేడే. చాచా గొట్టాల్లోకి నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురుగు పూశారు. కండెన్సర్ కింది మూలన బుడగలు లేచాయి. అక్కడ దుమ్ము నూనెతో ముద్దకట్టి ఉంది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా కారిన గుర్తు అది. కొత్త కండెన్సర్‌తో కలిపి ఎనిమిది వేలు అవుతుందన్నారు.

ఇక్కడే నా పరీక్ష మొదలైంది. ఆ కారును మరుసటి వారం అమ్మడానికి జడ్చర్ల అబ్బాయి ఒకతనితో అప్పటికే మాట అయిపోయింది. రాత్రి భోజనాల దగ్గర బావ అన్నాడు: "పోయే బండికి ఎనిమిది వేలెందుకు? పదిహేను వందలు పెట్టి గ్యాస్ కొట్టించు. చూసుకునేటప్పుడు చల్లగా ఉంటే చాలు కదా!" నిజం చెబుతున్నాను, ఆ సలహా నాకు నచ్చింది. ఇంటి ఖర్చులూ, పిల్లల ఫీజులూ కళ్ల ముందు మెదిలాయి.

అమ్మీ మంచంపై నుండే అంది: "ఆ సీట్లో మూడు గంటలు ఉడికింది నేను. రేపు అందులో ఎవరి తల్లి కూర్చుంటుందో!"

దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు కుప్పలో చేయి పెట్టి, లోపలి తడిని పసిగట్టిన వృత్తాంతం చిన్నప్పటి నుండీ వింటున్నదే. తడి గింజలు పైన కనబడేలా ఉంచాలని ఆయన ఆ వర్తకునికి చెప్పారు. ఆ కుప్ప నా ఇంటి ముందే నిలిచి ఉందని ఆ రాత్రి వరకూ తోచలేదు.

మర్నాడు కండెన్సర్ మార్పించాను. గొట్టాల్లోని గాలినీ తేమనూ పంపుతో లాగేశాకే చాచా తూకం వేసి గ్యాస్ నింపారు. ఆ ఆర్-134ఏ వాయువు ఓజోన్ పొరకు హాని చేయదు గానీ, బరువుకు బరువు చూస్తే బొగ్గుపులుసు వాయువు కన్నా వెయ్యి రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. అందుకే దాని వాడకాన్ని తగ్గించాలని 2016లో కిగాలీలో దేశాలన్నీ ఒప్పందానికి వచ్చాయి. నేను రెండుసార్లు డబ్బిచ్చి గాలిలో కలిపింది అదే! మన సొమ్మూ పోయె, పైగా మన ఎండకు మనమే ఆజ్యం పోసినట్టాయె.

జడ్చర్ల అబ్బాయికి ఫోన్ చేసి జరిగినదంతా చెప్పాను. అతడు రెండు రోజులు ఆలోచించి, వద్దన్నాడు. నాకు బాధ కలగలేదంటే అబద్ధమే అవుతుంది. ఆ తర్వాత వచ్చిన ఇద్దరు కూడా, దాచకుండా చెప్పేసరికి వెనక్కి తగ్గారు. కారు ఇప్పటికీ మా వాకిట్లోనే ఉంది.

ఈ వేసవిలో అమ్మీని మళ్లీ అదే దారిన తీసుకువెళ్లాను. కల్వకుర్తి దగ్గర పడుతుండగా ఆమె దుపట్టా భుజాల నిండా కప్పుకుని, "బేటా, కొంచెం తగ్గించు, చలేస్తోంది" అంది.