ఖిదిర్‌పూర్‌లో ఒక సాయంత్రం

కార్యాలయపు పనిమీద కోల్‌కతా వెళ్ళినప్పుడు, ఒక సాయంత్రం తీరిక చేసుకొని ఖిదిర్‌పూర్ చూడబోయాను. 1892లో ప్రారంభమైన రేవు, ఓడ రాగానే తలెత్తి దారి ఇచ్చే బాస్క్యూల్ వంతెన ఇంజనీరు కళ్ళకు పండుగే. అయితే నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది రోడ్డు పక్కనున్న ఒక సైకిలు మరమ్మతు దుకాణం.

పనివాడైన యువకుడు ఎడమ పెడల్ విప్పడానికి స్పానరుపై బలమంతా ప్రయోగిస్తున్నాడు. తొక్కేటప్పుడు తనంతట తాను వదులు కాకుండా ఎడమ పెడల్‌కు మర ఎదురు దిశలో ఉంటుంది. విమానం నిర్మించిన రైట్ సోదరులు 1900 నాటికే తమ సైకిళ్ళకు ఇటువంటి పెడళ్ళు అమర్చారు. దానిని విప్పాలంటే గడియారపు ముల్లు తిరిగే దిశలో తిప్పాలి. అతడు విప్పుతున్నాననుకొని బిగిస్తున్నాడు!

నేను "తప్పు" అనబోయేంతలో వృద్ధ మేస్త్రీ లేచాడు. సైకిలు యజమాని ఎదుటనే ఉన్నాడు. మేస్త్రీ మందలించలేదు. డబ్బాలోంచి రెండు పాత పెడళ్ళు తీసి పక్కపక్కన పెట్టి, "బేటా, వీటి మరలు ఎటు వాలాయో చూసి చెప్పు" అన్నాడు. యువకుడు చూశాడు, నవ్వాడు, స్పానరు అటు తిప్పాడు. పెడల్ కదిలింది. "మొదట్లో నేనూ ఇలాగే పొరబడ్డాను" అన్నాడు మేస్త్రీ.

డ్రాయింగులో పొరపాటు చేసిన ఒక యువ ఇంజనీరును నలుగురిలో గద్దించిన రోజు నాకు జ్ఞప్తికి వచ్చింది. నేను చూపిన తప్పు నిజమే. కాని ఆనాటి నుంచి అతడు నన్ను సందేహాలు అడగడం మానివేశాడు.

తిరిగి వచ్చిన మరునాడు ఆ యువకుని బల్ల వద్దకు నేనే వెళ్ళి కూర్చున్నాను.