పొగరు

"ఏం పొగరురా నీకు!" ఈ మాట పడకుండా మా బత్తలపల్లెలో ఏ పిల్లాడూ పెద్దవాడు కాలేదు. అవ్వ అంటే ముద్దు. అయ్యవారు అంటే దెబ్బకు ముందొచ్చే హెచ్చరిక.

గర్వానికి మన భాషలో మాటల కరువు లేదు. టెక్కు నడకలో, బట్టల్లో కనిపిస్తుంది. నిక్కు మెడలో ఉంటుంది. బింకం లోపలి బెరుకును కప్పుకోవడానికి. పొగరు మాత్రం ఒంట్లో ఉంటుందంటారు. కొవ్వు, బలుపు దానికి తోబుట్టువులు. కాడికి మెడ వంచని గిత్తను పొగరుగిత్త అనేది అందుకే. తిండెక్కువైతే పొగరొస్తుందని లెక్క.

మరి తిండే లేనివాడికి పొగరెక్కడిది?

మాది వానచాటు సీమ. నైరుతి మేఘాలు పడమటి కనుమల్లోనే కురిసి, మా దాకా వచ్చేసరికి తేలిపోతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు. అదీ అదనుకు రాదు. 2022లో మా ఊరు అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి మారింది గానీ, మేఘాలకు జిల్లాల హద్దులు తెలియవు కదా!

నా చిన్నప్పుడు అట్లాంటి ఒక ఏడు చెనిక్కాయ పంట చేలోనే ఎండిపోయింది. విత్తనాలకు అప్పు కోసం నాయన ఒక ఆసామి ఇంటికి పోతూ నన్నూ వెంటబెట్టుకున్నాడు. భుజం మీది తువ్వాలు తీయలేదు. బతిమాలలేదు. ఎంత కావాలో, ఎప్పుడిస్తాడో చెప్పి నిలబడ్డాడు.

"పంట పోయినా పొగరు పోలేదే!" అన్నాడాయన. అప్పు పుట్టలేదు.

దారిలో అడిగాను. "మనకు పొగరా నాయనా?"

"అప్పు అడిగేదానికి పోయినాం గానీ, తల తాకట్టు పెట్టేదానికి కాదురా" అన్నాడు.

పాతికేళ్ళ తర్వాత నేనూ ఒక ఆఫీసులో కుర్చీ ఎక్కాను. ఒకరోజు ఒక ముసలి రైతు వచ్చి, నమస్కారమైనా పెట్టకుండా, "నా కాగితం ఎందుకు ఆపినారు?" అన్నాడు. పక్కాయనతో మెల్లగా అన్నాను, "ఎంత పొగరో చూడండి." ఆ మాట నా చెవిన పడగానే గొంతు ఆ ఆసామిది అనిపించింది. లేచి రైతుకు కుర్చీ జరిపాను. ఆయన కూర్చోలేదు.

ఉన్నవాడు తలెత్తితే ఠీవి అంటాం, లేనివాడు ఎత్తితే పొగరు అంటాం. ఆ కాగితం ఆ రోజే కదిలింది. ఈ సంగతి మాత్రం నాయనకు చెప్పలేకపోయాను.