ఆరిన ద్రాక్ష, రాలిన ఇప్పపువ్వు

ఎండబెట్టడం గురించి కర్నూలోళ్లకూ కడపోళ్లకూ ఒకరు చెప్పేదేముంది అనుకుంటున్నారా? నిజమే. మిద్దె మీద మిరపకాయలు, చాపల మీద వడియాలు, దారాలకు గుచ్చిన ఒరుగులు, అన్నీ మన ఎండకు కొద్ది రోజుల పని. మే నెలలో 44 డిగ్రీలు దాటే ఊళ్లు మనవి. అయినా ఈ పూట మీతో చెప్పాలనుకున్నది ఎండ తగలకుండా ఎండే ద్రాక్ష సంగతి. కాస్త స్థిమితంగా కూర్చోండి.

ఇటలీలో వెరోనా నగరానికి ఉత్తరంగా వాల్పొలిచెల్లా అని కొండప్రాంతం ఉంది. అక్కడ పండే కొర్వినా, కొర్వినోనే, రొండినెల్లా అనే నల్లద్రాక్షలను సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కోస్తారు. కోసినవి వెంటనే పిండరు. మంచి గుత్తులు ఏరి, గాలి బాగా ఆడే అటకల మీద ఒకే వరసగా పరిచి, మూడు నాలుగు నెలలు అట్లాగే వదిలేస్తారు. పండ్లు వదులుగా ఉన్న గుత్తులనే ఏరతారు. పండూ పండూ ఒరుసుకుంటే నడుమ చెమ్మ చేరి బూజు పడుతుంది. పగిలిన పండు ఒక్కటున్నా గుత్తంతా పాడవుతుంది కాబట్టి ఆ నాలుగు నెలలూ మనిషి కన్ను వాటి మీద ఉండాల్సిందే.

పూర్వం ఆ ద్రాక్షను పరిచినవి రెల్లుతో, వెదురుతో అల్లిన తడికలు. వసంతంలో ఆ తడికల మీదే పట్టుపురుగులను పెంచేవాళ్లు. పురుగుల పని ముగిశాక, చలి మొదలయ్యే వేళకు వాటి మీదికి ద్రాక్ష చేరేది. హిందూపురం, మదనపల్లె వైపు పట్టు పెంచే ఇళ్లు చూసినవాళ్లకు ఆ వెదురు తట్టలు, చంద్రికలు గుర్తుకొస్తాయి. ఎక్కడి వెరోనా, ఎక్కడి హిందూపురం! రైతు ఇంట్లో ఒక వస్తువుకు రెండు పనులు ఉండటం అక్కడా ఇక్కడా ఒకటే.

జనవరికల్లా 100 కిలోల పండు 60, 70 కిలోలకు దిగుతుంది. దాన్ని పిండి పులియబెడితే 40 లీటర్ల వైన్ రావడం కూడా గగనమే. పోయింది నీళ్లు, మిగిలింది చక్కెర, రంగు, వాసన. ఈ పద్ధతి నిన్న మొన్నటిది కాదు. 6వ శతాబ్దంలో ఇటలీని ఏలిన ఆస్ట్రోగోతుల కొలువులో మంత్రిగా ఉన్న కాసియొడోరస్, రాజుగారి భోజనానికి ఈ వైన్ పంపమని జాబు రాస్తూ, ద్రాక్షను చలికాలం దాకా ఎట్లా ఆరబెడతారో కూడా వర్ణించాడు.

మొదట్లో ఇది తియ్యటి వైనే. రెచోతో అంటారు. చక్కెర అంత ఎక్కువగా ఉంటే, పైగా చలి కూడా తోడైతే, పులియడం పూర్తిగా సాగదు, తీపి మిగిలిపోతుంది. నెగ్రార్‌లోని సహకార సంఘంలో 1936లో ఒక పీపాను మరిచిపోతే అది చివరిదాకా పులిసి, తీపంతా పోయి, గంభీరమైన వగరు వైన్ అయిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. అదే అమరోనే. మామూలు వైన్‌లో 12, 13 శాతం ఆల్కహాలు ఉంటే ఇందులో 15, 16 దాకా వెళ్తుంది. ఎండు చెర్రీ, అంజీర, చాక్లెట్ వాసనలు కలిసి వస్తాయి. 2010లో ఇటలీ తన వైన్లకు ఇచ్చే అత్యున్నత హోదా దీనికి దక్కింది. పిండగా మిగిలిన పిప్పిని కూడా పారెయ్యరు. మామూలు వైన్‌ను దాని మీద పోసి మళ్లీ పులియబెట్టి రిపాస్సో అనే మరో రకం తీస్తారు.

నన్ను కట్టిపడేసింది ద్రాక్ష ఆరే ఆ అటక నీడ. నెమ్మదిగా ఆరే పండు చాలాకాలం ప్రాణంతోనే ఉంటుంది. లోపల పులుపు తగ్గుతుంది, రంగూ వాసనా మారుతూ పోతాయి. మన ఎండలో పెడితే కొద్ది రోజుల్లోనే పండు ఉడికినట్టయి, మార్పులకు వ్యవధే ఉండదు. ఇది మన ఎండ తప్పు కాదు. మిరపకాయకు అదే అమృతం.

అయితే ఎండుద్రాక్షను పులియబెట్టడం మనకు కొత్తనుకునేరు. కర్నూలు, కడప అంగళ్లలో ఏ ఆయుర్వేద మందుల బీరువా తెరిచినా ద్రాక్షారిష్టం సీసా ఉంటుంది. శార్ఙ్గధర సంహిత నాటి యోగం అది. ఎండుద్రాక్షను నీళ్లలో వేసి పావు వంతు మిగిలేదాకా కాచి, వడకట్టి, చల్లారాక బెల్లం కలిపి, దాల్చినచెక్క, ఏలకులు, మిరియాలు, పిప్పళ్లు, వాయువిడంగాలు పొడి చేసి వేసి, పాత్ర మూతికి సీలు వేసి నిలవబెడతారు. దగ్గుకు, ఆయాసానికి వాడతారు. అందులో ఆల్కహాలు దానంతటదే పుడుతుంది. చీటీ మీద ఆ మాట రాసే ఉంటుంది, చూడండి.

కానీ కొలతలు చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఎండుద్రాక్ష ఒక పాలైతే బెల్లం నాలుగు పాళ్లు. అంటే పులిసే తీపిలో ఎక్కువ భాగం చెరకుది, ద్రాక్ష తన గుణాన్నీ వాసననూ ఇస్తోంది. అమరోనేలో బయటి తీపి చుక్క కూడా పడదు. అందుకే ద్రాక్షారిష్టాన్ని నేను దాని తోబుట్టువు అనను.

తోబుట్టువు మన నల్లమలలో ఉంది. ఇప్పపువ్వు!

వేసవి మొదట్లో, తెల్లవారుజామున ఆత్మకూరు దాటి బైర్లూటి వైపు అడవిలోకి వెళ్తే, ఇప్పచెట్ల కింద లేతపసుపు పూలు రాలి ఉంటాయి. చేత్తో నొక్కితే జిగురుగా, గుజ్జుగా ఉంటాయి. ఎలుగుబంట్లకు ఇవంటే ప్రాణం, అందుకే చెంచు ఆడవాళ్లు జాగ్రత్తగా చుట్టూ చూసుకుంటూ బుట్టలకు ఏరతారు. బండల మీద ఆరబోస్తే కొన్ని రోజుల్లో ముడుచుకుని, ఎర్రబారి, అచ్చం కిస్‌మిస్‌లా తయారవుతాయి. ఎండిన పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరే. బెల్లం అక్కర్లేదు, నీళ్లలో నానబెడితే తనంతట తనే పులుస్తుంది. ఆ పులిసినదాన్ని కాచి ఆవిరి పట్టి సారా తీస్తారు. చెంచుల మీద 1943లో పుస్తకం అచ్చువేసిన హైమెన్‌డార్ఫ్ ఈ పువ్వుకు వాళ్ల తిండిలోనూ తాగుడులోనూ ఉన్న చోటును నమోదు చేశాడు.

సారా గురించి ఒక్క మాట. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా వద్దని లేచి నిలబడ్డ రాష్ట్రం మనది. వాళ్ల కన్నీళ్లు తెలిసినవాళ్లెవరూ సారాను పొగడలేరు, నేనూ పొగడను. నా బాధంతా పువ్వు గురించి. ఇటలీ రైతు ఆరబెట్టిన పండుకు దేశమంతా కాపలా కాసింది, పేరు దొంగిలించకుండా చట్టం చేసింది. చెంచు మనిషి ఆరబెట్టిన పువ్వును మాత్రం మనం సారా ముడిసరుకుగానే చూస్తున్నాం. 2006 అటవీ హక్కుల చట్టం దాన్ని ఏరుకుని అమ్ముకునే హక్కు ఇచ్చింది, కానీ కొనేవాళ్లు ఉంటేనే కదా హక్కుకు విలువ! తెలంగాణలో ఉట్నూరు ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్లు చేసి అమ్ముతున్నారు. ఆ పని ఇక్కడ ఎందుకు జరగకూడదు?

మీకు ఎక్కడైనా ఎండిన ఇప్పపువ్వు దొరికితే ఒక పావుకిలో తెచ్చుకోండి. నలిపి కేసరాలు రాల్చి, కడిగి, కొద్ది నీళ్లలో మెత్తగా ఉడికించండి. చల్లారాక జొన్నపిండిలో కలిపి రొట్టె తట్టండి. చక్కెర వెయ్యొద్దు. కాస్త నెయ్యి మాత్రం రాయండి.