అభావజ్ఞానం: తంజావూరులో రెండు రాత్రులు

మీమాంసకులలో భాట్టులు, వేదాంతులలో అద్వైతులు అంగీకరించిన ఆరవ ప్రమాణం అనుపలబ్ధి. "ఇక్కడ ఘటం లేదు" అనే జ్ఞానం మనకు ఈ ప్రమాణం వల్లనే కలుగుతుందని వారి సిద్ధాంతం. ధర్మరాజాధ్వరీంద్రుల వేదాంతపరిభాషలోని ఈ ప్రకరణాన్ని మా స్వాధ్యాయ గోష్ఠిలో నేను రెండు పర్యాయాలు వివరించాను. అందులోని తాత్పర్యం మాత్రం గత మార్గశిరంలో, తంజావూరు బృహదీశ్వరాలయ ప్రాంగణంలో, నా సహధర్మచారిణి ప్రక్కన కూర్చుని ఉండగా బోధపడింది.

మాకు వివాహమై 31 సంవత్సరాలు. ఇన్నేళ్ళలో అనేక క్షేత్రాలు దర్శించాము. అయితే నా యాత్రలన్నీ సంఖ్యాప్రధానమైనవి. నాలుగు రోజులలో పదకొండు ఆలయాలు, ప్రతి ఆలయంలో అర్ధగంట, ఆపైన వాహనం. ఇంటికి చేరిన పిమ్మట ఏ మూర్తి ఏ క్షేత్రంలోనిదో స్మృతిలో నిలిచేది కాదు. ఉద్యోగ విరమణానంతరం మరొక సుదీర్ఘ యాత్రకు ప్రణాళిక వ్రాసుకుంటూ ఉండగా ఆమె నా చేతిలోని కాగితాన్ని మెల్లగా ప్రక్కకు తీసి, "ఈసారి లెక్కల యాత్ర వద్దండీ. తంజావూరు వెళదాం. రెండు రాత్రులు అక్కడే ఉందాం" అన్నది. తంజావూరే ఎందుకని నేను అడగలేదు. సమీపంలోని తిరువైయారులో త్యాగరాజస్వామి వారి సమాధి ఉన్నది కదా, అందుకే కాబోలునని ఊహించి ఊరకున్నాను.

ఎగ్మూరులో రాత్రి రైలెక్కి ప్రాతఃకాలానికి తంజావూరు చేరాము. ఆ పూట విశ్రాంతి తీసుకుని, ఎండ తగ్గిన తరువాత ఆలయానికి వెళ్ళాము. రాజరాజ చోళుడు 1010లో పూర్తి చేయించిన ఈ ఆలయ విమానం పదమూడు అంతస్తులతో, 200 అడుగులకు పైబడిన ఔన్నత్యంతో నిలిచి ఉన్నది. సాయంకాలపు వెలుగులో ఆ శిల క్రమంగా స్వర్ణచ్ఛాయను పొందుతూ ఉంటే తొందరపడాలనే బుద్ధి ఎవరికీ కలగదు. నాకు కూడా కలగలేదు.

ఆలయ కుడ్యాల మీద బారులు తీరిన శాసనాలు ఉన్నాయి. ఆ లిపి మాకు రాదు. అక్కడి మార్గదర్శకుడైన ఒక వృద్ధుడు ఒక చోట ఆగి, రాజరాజు వివిధ దేవాలయాల నుండి ఇక్కడికి రప్పించిన 400 మంది నర్తకీమణుల వివరాలు అందులో ఉన్నాయని చెప్పాడు. ఎవరు ఏ ఆలయం నుండి వచ్చారో, ఎవరికి ఏ గృహం ఇచ్చారో, ఎవరి పేరు ఏమిటో అన్నీ చెక్కించాడట. ఆమె చాలాసేపు ఆ అక్షరాలను చూస్తూ నిలబడి, "ఒక్కొక్కరి పేరూ అడిగి వ్రాయించాడండీ ఆ మహారాజు!" అన్నది.

అనంతరం పచ్చిక మీద కూర్చున్నాము. వెలుపల కొన్న చిన్న పుస్తకంలో ఆమె ఒక పుట తెరిచి చూపింది. భరతముని నాట్యశాస్త్రంలో చెప్పిన 108 కరణాలలో 81 కరణాలు ఈ విమానపు పై అంతస్తులోని లోపలి గోడల మీద శిల్పరూపంలో ఉన్నాయి. సామాన్య దర్శకులకు అక్కడ ప్రవేశం లేదు. మిగిలిన 27 శిలలు శిల్పం లేకుండా రిక్తంగానే ఉన్నాయి.

"నాది కూడా ఇంతే" అన్నది ఆమె.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. బాల్యంలో ఎనిమిదేళ్ళు భరతనాట్యం అభ్యసించిందట. ఆ నాట్యంలో అలరింపు మొదలుకొని తిల్లానా వరకు సాగే ప్రదర్శన క్రమాన్ని స్థిరపరచినవారు తంజావూరు ఆస్థానంలోని నలుగురు సోదరులు. ఈమె వర్ణం వరకు నేర్చుకున్నది. అంతలో మా వివాహం నిశ్చయమైంది. పదం, తిల్లానా మిగిలిపోయాయి.

ఆమె నాట్యం నేర్చుకున్నదని పెళ్ళిచూపులలో ఎవరో అన్నట్లు లీలగా గుర్తు. "మా ఇంట్లో ఎవరైనా మానుకోమన్నారా?" అని అడిగాను.

"ఎవరూ మానెయ్యమనలేదండీ. ఎవరూ అడగనూ లేదు."

ఆ స్వరంలో ఆరోపణ లేదు. అందువల్లనే నాకు సమాధానం దొరకలేదు. ఆమె గురువు పేరు కూడా నాకు తెలియదు.

మరునాడు ఉదయం ప్రదక్షిణ చేసి, మధ్యాహ్నం ఆలయ ద్వారాలు మూసి ఉండే వేళ రాజప్రాసాదానికి వెళ్ళాము. మన తెలుగు నాయక రాజులు నిర్మించగా, మరాఠా ప్రభువులు విస్తరింపజేసిన ప్రాసాదం అది. అందులోని సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తెలుగు తాళపత్రాలు కూడా భద్రంగా ఉన్నాయి. శిల్పశాలలో తిరువెన్కాడు నుండి వచ్చిన పంచలోహ మూర్తుల ముందు మేము గంటకు పైగా గడిపాము. పార్వతి చేతిని గ్రహించిన కల్యాణసుందరమూర్తి అక్కడే ఉన్నాడు. వృషవాహనమూర్తి కూడా అక్కడే ఉన్నాడు. 1011 నాటి ఆ మూర్తిలో స్వామి పాదం మీద పాదం వేసి, ఒక చేతిని వృషభం మీద ఆనించినట్లు నిలబడి ఉంటాడు. కాని వృషభం లేదు. ఆ చేయి శూన్యంలో విశ్రమించి ఉన్నది. ప్రక్కనే అమ్మవారు.

లేని నందిని అక్కడ ప్రతివారూ చూస్తున్నారు. ఎందువల్ల? స్వామి చేయి దేని మీద ఆని ఉండాలో వారికి తెలుసు. అభావజ్ఞానానికి ప్రతియోగిజ్ఞానం ఆవశ్యకమని శాస్త్రం. ఏది లేదో దానిని ముందుగా ఎరిగినవానికే అది లేదని తెలుస్తుంది. ఘటమంటే ఏమిటో ఎరుగనివాడు రిక్తమైన నేలను చూచి "నేల" అంటాడే తప్ప "ఘటం లేదు" అనడు. 31 సంవత్సరాలు నేను మా గృహంలో రిక్తమైన నేలను మాత్రమే చూశాను. ఏ లోపమూ కనబడలేదు కనుక ఏ లోపమూ లేదని నిశ్చయించుకున్నాను. ఈ ప్రకరణాన్ని రెండుసార్లు బోధించినది ఇటువంటి అజ్ఞానంతోనే.

మూడవ రోజు ఉదయం తిరువైయారు వెళ్ళి, స్వామివారి సమాధికి నమస్కరించి, కావేరి మెట్ల మీద కూర్చున్నాము. అప్పుడు ఆమె గురువు పేరు అడిగాను. చెప్పింది. ఆ ఊరు, ఆ వీధి, తాళం వేసే కర్ర చప్పుడు, అన్నీ చెప్పింది. "మళ్ళీ నేర్చుకుంటావా?" అన్నాను. నవ్వి, "మోకాళ్ళు ఒప్పుకోవండీ" అన్నది. తరువాత వర్ణంలోని ఒక భాగాన్ని కూర్చున్నచోటనే హస్తాలతో, కనులతో అభినయించింది. నేను చూశాను. అంతకుమించి నేను చేయగలిగినది ఆనాడు ఏమీ లేదు.

రిక్తశిలలను పూరించడం మన వశంలో ఉండకపోవచ్చు. అవి రిక్తమని గుర్తించడం మాత్రం మన ధర్మం. గృహస్థాశ్రమంలో ఉన్న సాధక మిత్రులకు నా విన్నపం ఇంతే. ఒకసారి యాత్రాసంఖ్యను ప్రక్కన పెట్టండి. ఒకే నగరంలో రెండు రాత్రులు ఇద్దరూ తీరికగా ఉండండి. శిల్పాలను చూడండి, శాసనాల ఎదుట నిలబడండి. ఆ ఊరే ఎందుకు కోరుకున్నారని మీ సహచరిని, సహచరుని బయలుదేరే ముందే అడగండి.

స్వస్తి.